పొగలో రెస్క్యూ డ్రోన్‌కు రాడార్ ఎంతవరకు దారి చూపగలదు?

క్లుప్తంగా: పొగ, దుమ్ము, పొగమంచు, చీకటి కమ్మినప్పుడు కెమెరా, లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే సెన్సర్) తడబడతాయి. అక్కడ రాడార్ పనిచేస్తుంది. ఎదుట ఉన్న వస్తువు ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో దగ్గరవుతోంది అన్నది కచ్చితంగా చెబుతుంది. కానీ దాని ఆకారమేమిటి, సరిగ్గా ఏ దిక్కున ఉంది అన్నది మసకగానే చెబుతుంది. సన్నటి తీగలు, వాలుగా ఉన్న నున్నటి పలకలు దానికి ఒక్కోసారి అసలు కనిపించవు. అందుకే పైలట్ లేకుండా ఎగిరే రెస్క్యూ డ్రోన్ భద్రత రాడార్ ఎంత దూరం చూస్తుందన్న దానికన్నా, రాడార్‌కు ఏమీ కనిపించనప్పుడు డ్రోన్ ఏమనుకుంటుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

భూకంపం, వరద, అగ్నిప్రమాదం ఏది జరిగినా సహాయక బృందాల కంటే ముందే డ్రోన్ గాల్లోకి లేవడం ఇప్పుడు చాలా చోట్ల మామూలైంది. వాటికి రాడార్ అమర్చడం కూడా పెరుగుతోంది. ‘పొగలోంచి కూడా చూడగలదు’, ‘కరెంటు తీగలను తప్పించుకుంటుంది’, ‘గోడ అవతలి మనిషిని పసిగడుతుంది’ అన్న మాటలు ఒకే వాక్యంలో కలిసిపోయి వినిపిస్తున్నాయి. నిజానికి ఇవి మూడు వేర్వేరు పనులు. ఒక రాడార్ మొదటిది బాగా చేయవచ్చు, రెండోది అరకొరగా చేయవచ్చు, మూడోది అసలు చేయలేకపోవచ్చు. తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే రాడార్ లోపల జరిగేది కొంచెం దగ్గరగా చూడాలి.

### పైలట్ లేకుండా ఎందుకు ఎగరాలి?

2018 జనవరిలో ఆస్ట్రేలియాలోని లెనాక్స్ హెడ్ తీరంలో ఇద్దరు కుర్రాళ్లు అలల్లో చిక్కుకుంటే, ఒక డ్రోన్ వారి దగ్గరికి వెళ్లి నీటిలో తేలే సాధనాన్ని జారవిడిచింది. 2021 డిసెంబరులో స్వీడన్‌లోని ట్రోల్‌హెట్టన్‌లో గుండె ఆగి పడిపోయిన 71 ఏళ్ల వ్యక్తి దగ్గరికి డ్రోన్ డీఫిబ్రిలేటర్‌ను (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే పరికరాన్ని) చేర్చింది, ఆయన బతికారు. రెండూ గొప్ప సందర్భాలే. కాకపోతే రెండింటిలోనూ డ్రోన్ తెరిచిన ఆకాశంలో వెళ్లింది. అడ్డంకులను తప్పించుకోవడం అక్కడ పెద్ద సమస్య కాలేదు.

కష్టమంతా పొగ నిండిన గోదాములో, కూలిన భవనంలో, సొరంగంలో, చెట్ల గుబురు కింద వస్తుంది. కాంక్రీటు, ఇనుము రేడియో సిగ్నల్‌ను మింగేస్తాయి. పైలట్ తెర మీద వీడియో ఆలస్యమవుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఆ క్షణంలో నిర్ణయం తీసుకోవాల్సింది డ్రోనే. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2018 నుంచి 2021 దాకా భూగర్భంలో రోబోల పోటీ నిర్వహించడానికి ఒక కారణం ఇదే. గనులు, సొరంగాలు, గుహల్లో మనిషి సాయం లేకుండా యంత్రాలు వెతకాలి. చీకటి, దుమ్ము, పొగ ఆ పరీక్షలో భాగమే.

### కెమెరా, లైడార్ ఎక్కడ ఓడిపోతాయి?

కెమెరాకు వెలుగు కావాలి, గీతలూ మచ్చలూ కావాలి. రెండు కెమెరాలతో దూరం లెక్కించే పద్ధతి తెల్లటి గోడ ముందు, నిశ్చలమైన వరద నీటి పైన తడబడుతుంది. పొగలో చిత్రమంతా ఒకే బూడిద రంగు. వేడిని చూసే థర్మల్ కెమెరా పొగలోంచి చాలావరకు చూడగలదు కానీ, ఒక్కటే ఉన్నప్పుడు దూరం చెప్పలేదు. అల్ట్రాసోనిక్ సెన్సర్ కొన్ని మీటర్లకు మించి పనికిరాదు, పైగా ప్రొపెల్లర్ల గాలి, రొద దాన్ని ఇబ్బంది పెడతాయి.

లైడార్ ఓటమి వేరే రకం. అది లేజర్ కాంతిని పంపి, తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. ఎక్కువగా వాడే లేజర్ తరంగదైర్ఘ్యం 905 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు. పొగ కణాలు దాదాపు ఆ పరిమాణంలోనే ఉంటాయి, పొగమంచు బిందువులు అంతకంటే పెద్దవి. కాబట్టి కాంతి వాటికే తగిలి వెనక్కి వస్తుంది. దట్టమైన పొగ లైడార్‌కు గోడలా కనబడుతుంది. డ్రోన్ లేని గోడ ముందు ఆగిపోతుంది, లేదా గోడలు చుట్టుముట్టాయనుకుని దిక్కు తోచక అక్కడక్కడే తిరుగుతుంది. గాజు పలక విషయంలో ఇది తలకిందులవుతుంది. కాంతి అందులోంచి దూసుకుపోతుంది కాబట్టి ఉన్న అడ్డం లేనట్టే అనిపిస్తుంది.

రాడార్ వాడే తరంగం పొడవు 77 గిగాహెర్ట్జ్ దగ్గర 3.9 మిల్లీమీటర్లు, 60 గిగాహెర్ట్జ్ దగ్గర 5 మిల్లీమీటర్లు, 24 గిగాహెర్ట్జ్ దగ్గర 12.5 మిల్లీమీటర్లు. పొగ కణంతో పోలిస్తే ఇది వేల రెట్లు పెద్దది. అంత పెద్ద తరంగం అంత చిన్న కణాన్ని దాదాపు పట్టించుకోకుండా సాగిపోతుంది. వాన కథ కొంచెం వేరు, ఎందుకంటే చినుకు పరిమాణం కూడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది. గంటకు 25 మిల్లీమీటర్ల జోరువానలో 77 గిగాహెర్ట్జ్ తరంగం కిలోమీటరుకు సుమారు 10 డెసిబెల్స్ బలం కోల్పోతుంది, అంటే పదో వంతే మిగులుతుంది. అయితే డ్రోన్‌కు కావాల్సింది 100 మీటర్ల లోపు చూపే. రానూపోనూ 200 మీటర్లకు నష్టం 2 డెసిబెల్స్ చుట్టూనే ఉంటుంది. వానలో అసలు ఇబ్బంది ఈ నష్టం కాదు, రాడార్ మూత మీద పేరుకునే నీటి పొర.

రాడార్ ఆలోచన మొదలైందే ఇలాంటి అవసరంతో. 1904లో జర్మనీకి చెందిన క్రిస్టియన్ హుల్స్‌మేయర్ పొగమంచులో ఓడలు ఢీకొనకుండా ఉండేందుకు రేడియో తరంగాలతో పనిచేసే పరికరానికి పేటెంట్ తీసుకుని, కొలోన్‌లో రైన్ నది దగ్గర ప్రదర్శించారు. ఎదుట ఓడ ఉందో లేదో అది చెప్పేది, ఎంత దూరంలో ఉందో నేరుగా చెప్పలేకపోయేది. నూట ఇరవై ఏళ్ల తర్వాత డ్రోన్ రాడార్‌కు బలం అదే దూరం కొలత కావడం విశేషం.

### ఒక చిర్ప్ లోపల ఏం జరుగుతుంది?

డ్రోన్లలో వాడే చిన్న రాడార్లు ఎక్కువగా ఒక్కసారిగా బలమైన పల్స్ కొట్టవు. ఆగకుండా సన్నటి సిగ్నల్ పంపుతూ, దాని ఫ్రీక్వెన్సీని సమానంగా పెంచుకుంటూ పోతాయి. అలా ఒకసారి పెరిగే సిగ్నల్‌ను చిర్ప్ అంటారు. ఒక్కో యాంటెన్నా నుంచి వెళ్లే శక్తి పది పదిహేను మిల్లీవాట్ల స్థాయిలోనే ఉంటుంది.

ఉదాహరణకు ఫ్రీక్వెన్సీ మైక్రోసెకనుకు 30 మెగాహెర్ట్జ్ చొప్పున పెరుగుతోందనుకుందాం. ఎదురుగా 15 మీటర్ల దూరంలో గోడ ఉంది. తరంగం వెళ్లి రావడానికి 0.1 మైక్రోసెకను పడుతుంది. ఈలోగా రాడార్ పంపుతున్న ఫ్రీక్వెన్సీ 3 మెగాహెర్ట్జ్ పైకి వెళ్లిపోతుంది. పంపుతున్న సిగ్నల్‌ను, తిరిగొచ్చిన సిగ్నల్‌ను కలిపితే ఆ 3 మెగాహెర్ట్జ్ తేడా బయటపడుతుంది. గోడ 30 మీటర్లలో ఉంటే తేడా 6 మెగాహెర్ట్జ్. అంటే దూరాన్ని కొలవడానికి అతి సూక్ష్మమైన గడియారం అక్కర్లేదు, ఫ్రీక్వెన్సీ తేడా చూస్తే చాలు. ఈ సులువు వల్లే మొత్తం రాడార్ ఒక చిన్న చిప్‌లో ఇమిడిపోయింది.

దగ్గరదగ్గరగా ఉన్న రెండు వస్తువులను విడదీసి చూపడం చిర్ప్ ఎంత వెడల్పున, అంటే ఫ్రీక్వెన్సీ మొదటి నుంచి చివరికి ఎంత మేర, పెరుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. 24 గిగాహెర్ట్జ్ దగ్గర అందరికీ అందుబాటులో ఉన్న 250 మెగాహెర్ట్జ్ వెడల్పుతో 60 సెంటీమీటర్ల తేడాను గుర్తించవచ్చు. 77 నుంచి 81 గిగాహెర్ట్జ్ దాకా ఉన్న 4 గిగాహెర్ట్జ్ మొత్తం వాడితే అది 3.75 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఇరుకైన కారిడార్‌లో తలుపు చట్రాన్ని గోడ నుంచి వేరుగా చూడాలంటే ఈ తేడా చాలా పెద్దది.

వరుసగా పంపిన చిర్ప్‌ల మధ్య తిరుగు సిగ్నల్ దశ (తరంగం తన ఊపులో ఏ స్థానంలో ఉందన్నది) ఎంత మారిందో చూస్తే వేగం తెలుస్తుంది. ఇదే డాప్లర్ కొలత. ఇందులో ఒక అదనపు లాభం ఉంది. నిశ్చలంగా ఉన్న గోడలు, స్తంభాలు అన్నీ డ్రోన్ వైపు కదులుతున్నట్టు కనిపిస్తాయి. సూటిగా ఎదురుగా ఉన్నది డ్రోన్ పూర్తి వేగంతో, పక్కకు ఉన్నది అంతకంటే తక్కువ వేగంతో. ఈ తేడాల నుంచి డ్రోన్ తన సొంత వేగాన్ని తానే లెక్కించుకోగలదు. జీపీఎస్ అందని సొరంగంలో, కెమెరా గుడ్డిదైన పొగలో ఇది అడ్డంకుల గుర్తింపు కన్నా తక్కువ విలువైనదేమీ కాదు. ఆ లెక్కకు లొంగని బిందువు ఏదైనా ఉంటే అది నిజంగా కదులుతున్న వస్తువన్నమాట.

### దూరం కచ్చితం, దిక్కు మసక

రాడార్‌కు దిక్కు తెలిసేది పలు యాంటెన్నాలకు సిగ్నల్ చేరడంలో వచ్చే సూక్ష్మమైన తేడాల వల్ల. మూడు పంపే యాంటెన్నాలు, నాలుగు అందుకునే యాంటెన్నాలు ఉన్న మామూలు చిప్‌లో లెక్క ప్రకారం 12 యాంటెన్నాలు ఉన్నంత పని జరుగుతుంది. అన్నిటినీ ఒకే వరుసలో పేర్చినా రెండు వస్తువులను విడిగా చూడటానికి వాటి మధ్య సుమారు తొమ్మిదిన్నర డిగ్రీల ఎడం కావాలి. 30 మీటర్ల దూరంలో అది 5 మీటర్ల వెడల్పు! మూడు మీటర్ల ఎడంతో రెండు స్తంభాలుంటే, దూరం కూడా సమానమైతే, అవి ఒకే ముద్దగా కనిపిస్తాయి. మధ్యలోంచి దూరిపోయే సందు ఉందన్న సంగతి డ్రోన్‌కు తెలియదు.

నాలుగు చిప్‌లను కలిపి 12 పంపే, 16 అందుకునే యాంటెన్నాలు పెడితే 192 యాంటెన్నాల పని జరుగుతుంది, చూపు ఒకటి రెండు డిగ్రీల దాకా పదునెక్కుతుంది. ‘4డీ ఇమేజింగ్ రాడార్’ అని ఇప్పుడు వినిపిస్తున్నవి ఇలా ఎత్తు కొలతను కూడా కలుపుకుని, దూరం, అడ్డం, ఎత్తు, వేగం నాలుగూ ఇచ్చేవి. వాటికి కరెంటు ఎక్కువ కావాలి, లెక్కలు చేసే ప్రాసెసర్ పెద్దదవుతుంది, వేడిని బయటికి పంపే లోహపు పలకల బరువు కలుస్తుంది. చేతిలో ఇమిడే డ్రోన్‌కు ఇది భారం. బరువు మోసే పెద్ద డ్రోన్‌కు ఇబ్బంది లేదు.

### కారు రాడార్‌ను తెచ్చి డ్రోన్‌కు పెడితే సరిపోదా?

చిప్ ఒకటే కావచ్చు కానీ పని ఒకటి కాదు. అన్నిటికన్నా ముఖ్యమైన తేడా నిశ్చల వస్తువుల దగ్గర వస్తుంది. రోడ్డు మీద కదలని వస్తువుల నుంచి కారు రాడార్‌కు లెక్కలేనన్ని సిగ్నళ్లు వస్తాయి. మ్యాన్‌హోల్ మూతలు, పైన వేలాడే సూచిక బోర్డులు, వంతెనలు అన్నీ మెరుస్తాయి. ప్రతిదానికీ బ్రేకు వేస్తే కారు నడవదు కాబట్టి, చాలా వ్యవస్థలు నిశ్చల సిగ్నళ్లకు తక్కువ ప్రాధాన్యం ఇస్తూ వచ్చాయి. డ్రోన్‌కు ఎదురయ్యే అడ్డంకులు దాదాపు అన్నీ నిశ్చలమైనవే. కారులో పనికొచ్చిన ఆ వడపోతను అలాగే దింపేస్తే డ్రోన్ కళ్లకు గంతలు కట్టినట్టే.

వాలడం ఇంకో తేడా. కారు నేల మీదే ఉంటుంది, ఎటూ వాలదు. డ్రోన్ ముందుకు వెళ్లడానికి ముక్కు దించుతుంది, ఆగడానికి ముక్కు ఎత్తుతుంది. గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో, అంటే ఎదుట ఏముందో అన్నిటికంటే ఎక్కువగా తెలియాల్సిన క్షణంలో, ముందువైపు రాడార్ ఆకాశాన్ని చూస్తుంటుంది. దీనికోసం రాడార్ కిరణాన్ని ఎలక్ట్రానిక్‌గా దించడమో, నిలువునా విశాలమైన చూపు ఇవ్వడమో, కింద మరో రాడార్ పెట్టడమో చేయాలి.

కంపనం మూడో సమస్య. తరంగం 3.9 మిల్లీమీటర్లే కదా. మోటార్ల వల్ల రాడార్ ఒక్క మిల్లీమీటరు ముందుకూ వెనక్కూ ఊగితే, వెళ్లి వచ్చే దారి 2 మిల్లీమీటర్లు మారుతుంది. అంటే దాదాపు సగం తరంగం! డాప్లర్ కొలతలో ఇది లేని కదలికలా కనిపిస్తుంది. రబ్బరు అమరికతో కొంత, కదలికను కొలిచే సెన్సర్ సాయంతో లెక్కలో కొంత సరిచేయాలి. తిరిగే ప్రొపెల్లర్ అంచు రాడార్ చూపులోకి వస్తే అదీ ఒక వేగంగా కదిలే వస్తువులా నమోదవుతుంది. అందుకే రాడార్ ఎక్కడ బిగించారన్నది అందులో ఏ చిప్ ఉందన్నంత ముఖ్యం.

ఈ చిక్కుల్లో కొన్నిటిని వ్యవసాయ డ్రోన్లు ముందే ఎదుర్కొన్నాయి. పంట మీద స్థిరమైన ఎత్తులో ఎగరడానికి, చెట్లనూ స్తంభాలనూ తప్పించుకోవడానికి వాటిలో ఏళ్లుగా రాడార్లు ఉన్నాయి. మందు తుంపర, దుమ్ము మధ్య పనిచేయాలి కాబట్టి అక్కడ కెమెరా ఒక్కదాన్నే నమ్ముకునే వీల్లేదు. రెస్క్యూ డ్రోన్లకు అందుతున్న రాడార్ అనుభవంలో మంచి భాగం పొలాల నుంచే వచ్చింది.

### తీగ: అన్నిటికన్నా కష్టమైన అడ్డంకి

వరదలో నీటిమట్టం పెరిగిన కొద్దీ నీటికీ కరెంటు తీగలకూ మధ్య ఎడం తగ్గుతుంది. నీటి పైన పది మీటర్ల ఎత్తులో మనుషుల కోసం వెతికే డ్రోన్ సరిగ్గా తీగల ఎత్తులోనే ఎగురుతూ ఉండవచ్చు. కెమెరాకు తీగ సన్నటి గీత, మబ్బు పట్టిన ఆకాశం ముందు అదీ కనిపించదు. లైడార్ కిరణాలు తీగకు అటూ ఇటూ దాటిపోతాయి. రాడార్ నయమే, ఎందుకంటే లోహం తరంగాన్ని బాగా తిప్పికొడుతుంది. కానీ ఎటు తిప్పికొడుతుందన్నదే ప్రశ్న.

నున్నటి తీగ అద్దంలా ప్రవర్తిస్తుంది. డ్రోన్ నుంచి తీగకు లంబంగా గీత గీస్తే అది తాకే ఒక్క బిందువు మాత్రమే తరంగాన్ని వెనక్కి పంపుతుంది. మిగతా తీగంతా తరంగాన్ని పక్కకు చిమ్ముతుంది. డ్రోన్ తీగకు ఎదురుగా, లంబంగా వస్తే ఆ మెరుపు (తిరిగొచ్చే బలమైన సిగ్నల్) సరిగ్గా దారిలోనే ఉంటుంది కనుక సమస్య లేదు. ఏటవాలుగా వస్తే చిక్కు.

డ్రోన్ వెళ్తున్న దారిలో 30 మీటర్ల ముందు తీగ 45 డిగ్రీల వాలుగా అడ్డం ఉందనుకుందాం. రాడార్‌కు కనిపించే మెరుపు ఎదురుగా ఉండదు. 45 డిగ్రీల పక్కన, 21 మీటర్ల దూరంలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పక్కనున్న ఒక చిన్న వస్తువు అనుకుంటే, దారి ఖాళీగానే ఉందని సాగిపోతుంది, తీగను తగులుతుంది. తప్పు రాడార్‌ది కాదు, ఆ బిందువుకు చెప్పుకున్న అర్థానిది.

అది తీగేనని తెలిపే ఆధారం మాత్రం సిగ్నల్లోనే దాగి ఉంది. డ్రోన్ 10 మీటర్లు ముందుకు వెళ్లిందనుకుందాం. అక్కడ ఉన్నది నిజంగా ఒక స్తంభమే అయితే అది ఇప్పుడు వెనక్కి జరిగి సుమారు 72 డిగ్రీల పక్కన, 16 మీటర్ల దూరంలో కనిపించాలి. తీగ అయితే మెరుపు ఇంకా 45 డిగ్రీల దగ్గరే ఉంటుంది, దూరం మాత్రం 14 మీటర్లకు తగ్గుతుంది. దిక్కు మారకుండా దూరం తగ్గుతున్న బిందువు తీగ గుర్తు. డ్రోన్‌తో పాటు మెరుపు తీగ వెంట జారుతూ వస్తోందన్నమాట. ఒక్క క్షణపు డాప్లర్ కొలతలో స్తంభానికీ తీగకూ తేడా ఉండదు, కొంత దూరం వెంట చూస్తేనే తేలుతుంది. కాబట్టి తీగలను గుర్తించే సామర్థ్యంలో సగం యాంటెన్నాలో ఉంటే, సగం ఈ వరుస కొలతలను కలిపి చూసే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది.

ఇంకో రెండు సాయాలు ఉన్నాయి. పెద్ద లైన్లలో తీగ ఒకే ఊచ కాదు, మెలితిప్పిన పోగుల కట్ట. ఆ మెలికలు సమాన ఎడంతో వస్తాయి కాబట్టి లంబ దిశలోనే కాక మరికొన్ని నిర్ణీత కోణాల్లో కూడా బలహీనమైన మెరుపులు వస్తాయి. రెండోది స్తంభాలు. వరుసగా రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉందనుకుని నడుచుకోవడం క్షేమం. లైడార్, రాడార్ రెండూ కలిపి వాడే ధోరణి కూడా ఈ కారణంగానే పెరుగుతోంది. 2025లో వచ్చిన డీజేఐ మ్యాట్రిస్ 400లో తిరిగే లైడార్‌తో పాటు మిల్లీమీటర్ తరంగ రాడార్ ఉంది, తీగలను పసిగట్టడాన్ని తయారీదారు ముఖ్య విశేషంగా ప్రకటించారు.

### శిథిలాల్లో లేని గోడలు

కూలిన భవనంలో ఇనుప రేకులు, కాంక్రీటు ఊచలు, పగిలిన గాజు ఎటు పడితే అటు ఉంటాయి. తరంగం ఒకదానికి తగిలి, అక్కడి నుంచి మరోదానికి తగిలి, చుట్టు తిరిగి వస్తుంది. దారి పొడుగైంది కాబట్టి రాడార్‌కు అది మరింత దూరంలో ఉన్న మరో వస్తువులా అనిపిస్తుంది. ఇలాంటి భూత ప్రతిబింబాలు ఇరుకు చోట్ల ఎక్కువ. డ్రోన్ కదులుతున్నప్పుడు అసలు గోడ ఒకే చోట నిలబడుతుంది, భూతం సాధారణంగా చోటు మారుతుంది. ఆ తేడాతోనే ఏరిపారేయాలి.

ఏది నిజమైన సిగ్నల్, ఏది గోల అన్నది తేల్చడానికి రాడార్ ప్రతి బిందువునూ దాని చుట్టుపక్కల సగటుతో పోల్చి హద్దు పెట్టుకుంటుంది. గోల పెరిగితే హద్దు పెరుగుతుంది. ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. పెద్ద ఇనుప తలుపు పక్కనే సన్నటి ఊచ పొడుచుకుని ఉంటే, తలుపు మెరుపు సగటును పెంచేసి ఊచను హద్దు కిందకు తోసేస్తుంది. ఎండిన కొమ్మ, ప్లాస్టిక్ తాడు లాంటివి అసలే బలహీనంగా మెరుస్తాయి. చిన్న వస్తువు నుంచి తిరిగొచ్చే బలం దూరం నాలుగో ఘాతం ప్రకారం పడిపోతుంది. మెరుపు 16వ వంతు ఉంటే గుర్తించే దూరం సగానికి తగ్గుతుంది. వాలుగా ఉన్న నున్నటి రేకు, గాజు పలక తరంగాన్ని పక్కకు మళ్లించి మాయమవుతాయి. నిలకడ నీరు కూడా అంతే. ఏటవాలుగా చూస్తే రాడార్‌కు కనిపించదు, నేరుగా పైనుంచి చూస్తే మాత్రం గట్టిగా మెరుస్తుంది. వరద మీద ఎత్తు కొలవడానికి కెమెరా కన్నా రాడార్ నమ్మదగింది కావడానికి కారణం ఇదే.

### ‘ఖాళీ’ అని ఎప్పుడు అనాలి?

ఇన్ని రకాల కనిపించనివి ఉన్నప్పుడు, సిగ్నల్ రాలేదు కాబట్టి దారి ఖాళీ అనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. జాగ్రత్తగా రాసిన సాఫ్ట్‌వేర్ చుట్టూ ఉన్న చోటును చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ప్రతి గడినీ మూడు రకాలుగా గుర్తిస్తుంది: అడ్డం ఉన్నది, ఖాళీ అని తేలినది, ఇంకా తెలియనిది. రాడార్ విషయంలో రెండో రకం ముద్ర వేయడానికి చాలా పిసినారితనం కావాలి. లైడార్ కిరణం గోడను తాకిందంటే ఆ దారి మధ్యలో ఏమీ లేదని దాదాపు రుజువైనట్టే. రాడార్ కిరణం వెడల్పు కాబట్టి గోడ కనిపించినా మధ్యలో తీగ ఉండే అవకాశం మిగిలే ఉంటుంది.

ఎంత వేగంతో ఎగరాలన్నది ఈ అనుమానాన్ని బట్టే నిర్ణయించుకోవాలి. డ్రోన్ ఆగడానికి పట్టే దూరంలో రెండు భాగాలు ఉంటాయి. అడ్డం కనిపించి బ్రేకు పడేలోగా సాగిపోయేది ఒకటి, బ్రేకు పడ్డాక సాగేది ఇంకొకటి. స్పందించడానికి 0.3 సెకన్లు పడుతుందని, ఆగేటప్పుడు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందని అనుకుందాం. సెకనుకు 15 మీటర్ల వేగంతో, అంటే గంటకు 54 కిలోమీటర్లతో వెళ్తుంటే ఆగడానికి 27 మీటర్లు కావాలి. మూడు మీటర్ల జాగ్రత్త దూరం కలిపితే 30. గోడను 30 మీటర్ల నుంచి చూడగల రాడార్‌కు ఈ వేగం సరిపోతుంది. అదే రాడార్ తీగను 12 మీటర్ల నుంచే చూడగలిగితే సురక్షిత వేగం సెకనుకు 8 మీటర్లే, గంటకు 29 కిలోమీటర్లు. ‘30 మీటర్ల దూరం గుర్తిస్తుంది’ అన్న ప్రకటన ఏ వస్తువు గురించి అన్నది ఇక్కడ తేలాలి.

భూతాల భయంతో ఒకే సిగ్నల్‌ను మూడు సార్లు చూశాకే నమ్మాలని నియమం పెట్టుకుంటే, సెకనుకు 20 సార్లు కొలిచే రాడార్‌కు మరో 0.1 సెకను పోతుంది. సెకనుకు 15 మీటర్ల వేగంలో అది ఒకటిన్నర మీటర్లు. తప్పుడు హెచ్చరికలు తగ్గించడానికీ, ఆగే దూరం తగ్గించడానికీ మధ్య ఈ బేరం ఎప్పుడూ ఉంటుంది. మనిషి కోసం వెతుకుతున్న డ్రోన్ ప్రతి భూతానికీ ఆగితే విలువైన నిమిషాలు పోతాయి, ఆగకపోతే డ్రోనే పోతుంది.

### ఇతర విమానాలను చూడటం వేరే పని

2025 జనవరి 9న లాస్ ఏంజెలెస్‌లో పాలిసేడ్స్ కార్చిచ్చును ఆర్పుతున్న నీటి విమానాన్ని ఒక చిన్న డ్రోన్ ఢీకొంది. రెక్కకు రంధ్రం పడి, విమానం కొన్ని రోజులు నేల మీదే ఉండిపోయింది. అది రెస్క్యూ డ్రోన్ కాదు, అక్కడ ఎగరకూడని డ్రోన్. అయినా విపత్తు జరిగిన చోట హెలికాప్టర్లు, విమానాలు, డ్రోన్లు ఒకే ఆకాశాన్ని పంచుకోవాల్సి వస్తుందని ఆ ఘటన గట్టిగా గుర్తుచేసింది.

గోడను తప్పించే రాడార్ ఇక్కడ చాలదు. సెకనుకు 60 మీటర్ల వేగంతో వచ్చే హెలికాప్టర్‌ను 100 మీటర్ల దూరంలో చూస్తే మిగిలేది రెండు సెకన్ల లోపే. కిలోమీటరు పైచిలుకు దూరం చూసే, కిరణాన్ని ఎలక్ట్రానిక్‌గా తిప్పే మరింత బరువైన రాడార్ కావాలి. లేదా విమానాలు స్వయంగా ప్రసారం చేసే స్థాన సమాచారం మీద, నేల మీది రాడార్ మీద ఆధారపడాలి.

ప్రాణాల జాడ కనిపెట్టే రాడార్ మరో జాతి. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ తయారు చేసిన ఫైండర్ అనే పరికరం 2015 నేపాల్ భూకంపంలో చౌతారా దగ్గర శిథిలాల కింద ఉన్న నలుగురి గుండె కొట్టుకోవడాన్ని పసిగట్టింది. అది శిథిలాల లోపలికి చొచ్చుకుపోవడానికి తక్కువ ఫ్రీక్వెన్సీ మైక్రోవేవ్ తరంగాలు వాడుతుంది, నేల మీద కదలకుండా కూర్చుని వింటుంది. ఊపిరికి ఛాతీ కదిలేది కొన్ని మిల్లీమీటర్లే. కంపించే డ్రోన్ మీద నుంచి ఆ కదలికను విడదీయడం చాలా కష్టమైన పని. అడ్డంకులు చూసే 77 గిగాహెర్ట్జ్ చిప్ అదనంగా ఈ పని కూడా చేసేస్తుందని ఆశించకూడదు.

### తరంగాలకూ హద్దులుంటాయి

ఏ ఫ్రీక్వెన్సీ వాడాలన్నది ఇంజినీర్ల ఇష్టం మాత్రమే కాదు. కార్లకు కేటాయించిన 76–81 గిగాహెర్ట్జ్ పట్టీని గాల్లో వాడటానికి అన్ని దేశాల నిబంధనలూ ఒప్పుకోవు. అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2023లో డ్రోన్ల మీద రాడార్లకు 60–64 గిగాహెర్ట్జ్ పట్టీలో, 400 అడుగుల లోపు ఎత్తులో అనుమతి ఇచ్చింది. 60 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలోని ఆక్సిజన్ తరంగాన్ని కిలోమీటరుకు 15 డెసిబెల్స్ దాకా పీల్చేస్తుంది. 30 మీటర్ల చూపుకు అది ఒక డెసిబెల్ లోపే కాబట్టి నష్టం లేదు. పైగా దూరంగా ఉన్న ఇతర రాడార్ల సిగ్నల్ మనదాకా రాకుండా అదే అడ్డుకుంటుంది. ఒకే చోట పది డ్రోన్లు వెతికే రోజుల్లో ఇది లాభమే, ఎందుకంటే ఒక రాడార్ చిర్ప్ మరో రాడార్‌లో చొరబడితే గోల పెరిగి బలహీనమైన వస్తువులు మునిగిపోతాయి.

### పరీక్ష ఎలా ఉండాలి?

ఎండ కాస్తున్న మైదానంలో కాంక్రీటు గోడ ముందు డ్రోన్ ఆగిపోయే వీడియో దాదాపు ఏమీ నిరూపించదు. అది రాడార్‌కు అన్నిటికన్నా సులువైన సందర్భం. సహాయక బృందాలు కొనే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. 45 డిగ్రీల వాలులో ఉన్న తీగను ఎన్ని మీటర్ల నుంచి గుర్తించింది? వాలుగా నిలబెట్టిన గాజు పలక ముందు ఏం చేసింది? ఎండిన కొమ్మల మధ్య? రాడార్ మూత తడిసినప్పుడు? నిజమైన పొగలో, లైడార్ గోడ ఉందంటే, రాడార్ లేదంటే ఎవరి మాట విన్నది? అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ చిన్న డ్రోన్ల కోసం ఎవరైనా తిరిగి చేయగల పరీక్షా పద్ధతులను రూపొందించింది. రాడార్ చూపుకు కూడా అలాంటి ఉమ్మడి కొలమానాలు ఉంటే ఒక డ్రోన్‌ను మరోదానితో పోల్చడం వీలవుతుంది.

బరువు సంగతి కూడా అడగాలి. మందుల పెట్టె, రేడియో, లైఫ్ జాకెట్ మోస్తున్న డ్రోన్ ఖాళీ డ్రోన్‌లా ఆగలేదు. పై లెక్కలో వేగం తగ్గే రేటు సెకనుకు 5 మీటర్ల నుంచి 3కు పడిపోతే, గోడ ముందు సురక్షిత వేగం సెకనుకు 15 మీటర్ల నుంచి 12కు దిగుతుంది. రాడార్ అదే, గోడ అదే. తయారీదారు కాగితంలో రాసిన గరిష్ఠ వేగం బరువుతో కొలిచిందా, బరువు లేకుండా కొలిచిందా అన్నది కూడా అదే కాగితంలో ఉండాలి.